మూడో కేక

హేచరీకి వచ్చిన ప్రతివాళ్ళూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. ఆఫీసు జీపులో వచ్చినా, కాలేజీ బస్సులో వచ్చినా, దారి తప్పి వచ్చినా, ట్యాంకులోకి తొంగి చూసి, "ఆల్చిప్పలంటున్నారు, మరి వీటిలో ముత్యాలుంటాయా?" అంటారు.

దేశమ్మ తల అడ్డంగా ఊపుతుంది. "ఉండవండి. ఇయ్యి తెల్లపూసల జాతి కాదు. గట్టు కట్టే జాతి."

ముత్యాన్ని తెల్లపూస అనే మనిషి ఈ కోస్తా మొత్తం మీద ఆమె ఒక్కతే అయ్యుంటుంది. దానికి కారణం ఉంది. ఆమె మొగుడి పేరు ముత్యాలు. ఆమె చెప్పదు గనక నేను చెబుతున్నాను. గుల్లపేటలో పెళ్ళాం మొగుడి పేరు పలకదు, పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని భయం. మిగతా ఆడవాళ్ళకి దీనివల్ల పెద్ద చిక్కేమీ రాలేదు. మొగుడి పేరు పోలయ్య అయితే, పోలయ్య అనాల్సిన అవసరం రోజుకి ఎన్నిసార్లు వస్తుంది? దేశమ్మకి మాత్రం విధి పనిగట్టుకుని ఆల్చిప్పల దగ్గర ఉద్యోగం ఇప్పించింది. జనాభా లెక్కల పంతులు వచ్చి భర్త పేరు అడిగితే ఆధార్ కార్డు చేతిలో పెట్టి, మీరే చదువుకోండి అంటుంది.

ఆ ముత్యాలు ఆరేళ్ళ కిందట, అట్లతద్ది వెళ్ళిన నాలుగో రోజున వేటకి పోయాడు. పడవలో నలుగురు. తుఫాను వెలిసాక ముగ్గురి శవాలు ఒడ్డుకొచ్చాయి. అతను రాలేదు. శవమైనా రాలేదు. రాలేదు గనక ఉన్నాడని దేశమ్మ లెక్క. ఎక్కడో ఏ దీవికో కొట్టుకుపోయి ఉంటాడు, ఎవరో ఇంత గంజి పోస్తూ ఉంటారు, ఏదో ఒకనాడు ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ వస్తాడు. బొట్టు తియ్యలేదు. తీర్థంలో అతను కొనిచ్చిన డజను ఎర్ర మట్టిగాజుల్లో ఆరేళ్ళకి మిగిలినవి ఐదు. వాటిని పచ్చిగుడ్డులా కాపాడుకుంటుంది.

ఊరికి మాత్రం ఇది నచ్చలేదు. ఊళ్ళో ఒక పద్ధతుంది. సముద్రంలోకి పోయిన మగాడు తిరిగి రాకపోతే, పెళ్ళాం నడుం లోతు నీళ్ళలో నిలబడి అతని పేరు పెట్టి మూడు కేకలు వెయ్యాలి. జన్మలో ఆ పేరు ఆమె నోట బయటికి వచ్చేది ఆ ఒక్కరోజే. ఆడవాళ్ళు తల మీద కొంగు వేసుకుంటారు, మగవాళ్ళు సముద్రానికి వీపు తిప్పి నిలబడతారు. మూడో కేక తర్వాత అందరూ ఊపిరి బిగబట్టి వింటారు. సముద్రం బదులు చెప్పకపోతే అత్తగారు రాయి పుచ్చుకుని గాజులు పగలగొడుతుంది. అంతటితో అతను పోయినట్టు.

మిగతా ముగ్గురి పెళ్ళాలకి శవాలు దొరికాయి, ఏడ్చారు, అయిపోయింది. దేశమ్మ మాత్రం కేక వెయ్యనంది. ఆరేళ్ళుగా వెయ్యనంటూనే ఉంది.

* * *

ముత్యాలు పెళ్ళి చేసుకున్నప్పుడు వాళ్ళది సముద్రం నుంచి నాలుగో వరస ఇల్లు. ఇప్పుడు మొదటి వరస. ఇల్లు అంగుళం కదల్లేదు. ముందున్న మూడు వరసలూ ఒకదాని తర్వాత ఒకటి నీళ్ళలో కలిసిపోయాయి. పోటు ఎక్కువైన రోజున నురగ వచ్చి గుమ్మం తడిపి పోతుంది. వచ్చే తుఫానుకి ఈ ఇల్లు ఉండదని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

అత్త అప్పయమ్మ అరుగు మీద కూర్చుని ఆ నురగని చూస్తూ ఉంటుంది. చిన్నప్పుడు ఆమె సున్నపు బట్టీలకి తట్టలెత్తిన మనిషి. అప్పట్లో ఒడ్డుకి ఎదురుగా నీళ్ళలో ఆల్చిప్పలు ఒకదాని మీద ఒకటి అంటుకుని పెరిగిన పొడవాటి గట్టుండేది. గుల్లగట్టు అనేవారు. పెద్ద కెరటాలన్నీ దాని మీద విరిగి, ఒడ్డుకి వచ్చేసరికి బుద్ధిగా ఉండేవి. ఊరివాళ్ళు ఆ గట్టుని తవ్వి, బట్టీల్లో కాల్చి సున్నం చేశారు. నలభై ఏళ్ళు చేశారు. ఈ చుట్టుపక్కల తెల్లగా మెరిసిన ప్రతి గోడా ఆ గట్టు ముక్కే.

"గట్టుని గోడలకి పూసేసుకున్నాం," అంటుంది అప్పయమ్మ. "ఇప్పుడు సంద్రం ఆ గోడలు తనవంటంది. తప్పేటుంది?"

హేచరీ నడిపే శాస్త్రవేత్త డాక్టర్ షకీలా బందరు నుంచి ఈ ఊరికి వచ్చింది ఆ గట్టుని మళ్ళీ కట్టించడానికే. మనుషుల చేత కాదు, ఆల్చిప్పల చేతే. ఒడ్డుకి ఎదురుగా నడుం లోతు నీళ్ళలో వరసగా ఇనప చట్రాలు దింపి, వాటినిండా పాత చిప్పల సంచులు కట్టింది. ఆల్చిప్ప పిల్ల పుట్టిన రెండు మూడు వారాలు నీళ్ళలో తేలుతూ తిరుగుతుంది. తర్వాత దానికి ఒక చిన్న కాలు మొలుస్తుంది. ఆ కాలితో తడుముకుంటూ ఎక్కడో ఒకచోట అంటుకుంటే ఇక జన్మంతా అక్కడే. దాని మీద ఇంకొకటి, దాని మీద మరొకటి. అదే గట్టు. చిక్కల్లా అంటుకోవడం దగ్గరే. హేచరీలో పెంచి వదిలిన పిల్లల్ని ఆటు నీళ్ళు బంగాళాఖాతంలోకి ఊడ్చుకుపోతున్నాయి. రెండేళ్ళు ఇదే వరస.

అందుకని డాక్టరమ్మ కొత్త ప్రయోగం పెట్టింది. పిల్లలు పుట్టిన నాటి నుంచి ఒకే చప్పుడు వింటూ పెరిగితే, ఆ చప్పుడు మళ్ళీ విన్నచోట ఇల్లు వచ్చేసిందనుకుని అంటుకుంటాయా? నాలుగు గదులు, నాలుగు ట్యాంకులు. మొదటి దాంట్లో ఎక్కడో బతికున్న గట్టు దగ్గర రికార్డు చేసిన చిటపటలు, రెండో దాంట్లో వాన చప్పుడు, మూడో దాంట్లో డప్పు. నాలుగో గదిలో ఏ చప్పుడూ ఉండకూడదు. చప్పుడే లేకపోతే ఏమవుతుందో తెలియాలి గనక.

పొద్దునా సాయంత్రం పిల్లలకి పచ్చనీళ్ళు, అంటే వాటి మేత, పోసి మోచేతి దాకా చెయ్యి ముంచి కలపడం దేశమ్మ పని. రొయ్యల హేచరీలో పదేళ్ళు చేసిన చెయ్యి అది. మూడు గదుల్లో రొదకి తలనొప్పి వచ్చేది. నాలుగో గదిలోకి వస్తే ప్రాణం లేచొచ్చేది. తలుపు వేసుకుంటే సముద్రం కూడా వినపడదు.

అలాంటి ఒక పొద్దున, నీళ్ళలో చెయ్యి తిప్పుతూ తిప్పుతూ, ఆమె నోట్లోంచి ఆ పేరు జారింది.

ఉలిక్కిపడింది. చుట్టూ చూసింది. ఎవరూ లేరు. కేక కాదు గదా అని సర్దిచెప్పుకుంది, అన్నానికి పిలిచినట్టు పిలిచాను, అంతే. కాపురం చేసిన అయిదేళ్ళూ "ఇదుగో", "నిన్నే" అనడమే గానీ ఆ పేరు నాలుక మీద ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు. తియ్యగా ఉంది. మళ్ళీ అంది. రెండో రోజు పదిసార్లంది. ఆ తర్వాత ఇక లెక్క లేదు. ఈరోజు పండుగప్ప పడిందంట, నువ్వుంటే పులుసు పెట్టేదాన్ని, ముత్యాలూ. అత్తకి కళ్ళు ఆనడం లేదు, ముత్యాలూ. వచ్చెయ్యి, ముత్యాలూ. నీళ్ళలో చెయ్యి, నోట్లో పేరు. ఆరేళ్ళలో ఆమె సంతోషంగా ఉన్నది ఆ గదిలోనే.

* * *

పద్దెనిమిదో రోజున డాక్టర్ షకీలా నాలుగో ట్యాంకు ముందు కూలబడింది. రెండు ఫోన్లు ట్యాంకుల్లో పడ్డాక మూడో ఫోనుని ఆవిడ మణికట్టుకి కట్టుకుని తిరుగుతుంది. ఇప్పుడు ఆ ఫోను వెలుగులో ట్యాంకు గోడని చూస్తోంది. గోడంతా నున్నగా ఉంది. ఒక్కచోట మాత్రం, జానెడు మేర, మిరియాల పొడి చల్లినట్టు పిల్లలు కిక్కిరిసి అంటుకుని ఉన్నాయి. దేశమ్మ రోజూ ఆనుకుని నిలబడే చోటు అది.

"దేశమ్మా, ఈ గదిలో మాట్లాడావా?"

"ఆయ్. పాట పాడానండి," అంది దేశమ్మ నేల చూస్తూ.

"నిశ్శబ్దంగా ఉండాల్సిన ట్యాంకమ్మా ఇది! నీకు నూటొక్కసార్లు చెప్పాను కదా!" అని కసిరింది గానీ, ఆవిడ కళ్ళు గోడ మీదే ఉన్నాయి. తక్కిన మూడు ట్యాంకుల్లో ఇందులో పదో వంతు కూడా లేవు. "ఏ పాట? పాడు, విందాం."

దేశమ్మ వల లాగేటప్పటి పాట ఒకటి అందుకుంది. నీళ్ళలో తేలే పిల్లలు దాన్ని పట్టించుకోలేదు. ఇంకొకటి పాడింది. అదీ అంతే. "ఈ పాటలు కావు," అంది డాక్టరమ్మ మెల్లగా. దేశమ్మ మేత బకెట్టు తీసుకుని బయటికి నడిచింది.

మర్నాడు డాక్టర్ షకీలా వాళ్ళ ఇంటికే వచ్చింది. దేశమ్మ చేపల రేవుకి పోయింది. అప్పయమ్మ అరుగు మీద చోటిచ్చి, మంచినీళ్ళిచ్చి, గోడ మీది ఫోటో చూపించింది. "నా కొడుకండి. ముత్యాలు. ఆరేళ్ళయింది."

డాక్టరమ్మ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. తెల్లపూసలు. ట్యాంకు దగ్గర ఆరు నెలలుగా వింటున్న ఆ వింత మాట ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది. నాలుగో గదిలో ఏ మాట పలికి ఉంటుందో కూడా తెలిసింది. మూడు కేకల సంగతి అప్పయమ్మే చెప్పింది. డాక్టరమ్మ తాగని గ్లాసు అరుగు మీద పెట్టి లేచి వెళ్ళింది.

సాయంత్రం దేశమ్మకి ఒక రికార్డరు ఇచ్చింది. "నాకేమీ చెప్పొద్దు. తలుపేసుకుని నువ్వు రోజూ చేసేదే చెయ్యి. నేను స్పీకరులో పెట్టి సముద్రంలో దింపుతాను. ఎవరికీ ఏమీ వినపడదు."

దేశమ్మ చేసింది. స్పీకరు పని చెయ్యలేదు. పిల్లలు దాని చుట్టూ మూగాయి, తచ్చాడాయి, అంటుకోకుండా పోయాయి. గొంతుని స్పీకరు ఇస్తుంది గానీ, మాట్లాడే మనిషి ఎముకల్లోంచి చేతి మీదుగా నీళ్ళలోకి దిగే వణుకుని ఇవ్వదు. పుట్టిన నాటి నుంచి ఆ పిల్లలకి తెలిసింది ఆ వణుకే.

"అంటే నేనే దిగాలా?" అంది దేశమ్మ.

"నువ్వే దిగాలి. చట్రాల మధ్య నిలబడి, నీళ్ళలో చేతులుంచి. గట్టిగా పిలవాలి, అక్కడ కెరటాల హోరు ఉంటుంది," అంది డాక్టరమ్మ. "నేను అడగలేను దేశమ్మా. దాని అర్థం ఏమిటో నాకు తెలుసు."

దేశమ్మ గాజులు తడుముకుంది. "అడక్కండి," అంది. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "పిల్లల్ని పెంచుదాం. అప్పటికి చూద్దాం," అంది.

* * *

ఈసారి నాలుగు ట్యాంకులూ ఆమెవే. పద్దెనిమిది రోజులు మేత పోసింది, పేరు పోసింది. కోటికి పైగా పిల్లలకి కాళ్ళు మొలిచాయి. ఇక రెండు రోజుల్లో అంటుకోవాలి, లేకపోతే చచ్చిపోతాయి. అవతల కార్తీకం రాబోతోంది, తుఫానుల కాలం. మళ్ళీ పిల్లల్ని పెంచే వ్యవధి లేదు.

పొద్దున్నే పోటు వేళకి చట్రాల చుట్టూ సన్నవల కట్టి పిల్లల్ని వదిలారు. దేశమ్మ నడుం లోతుకి దిగి రెండు చేతులూ నీళ్ళలో పెట్టింది. ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్ళకి విషయం క్షణంలో అర్థమైంది. "అయ్యో, దేశమ్మ కేక వేత్తంది!" కొంగులు తలల మీదికి వచ్చాయి. మగవాళ్ళు ఒక్కొక్కరే సముద్రానికి వీపు తిప్పారు. అప్పయమ్మని ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు.

"ముత్యాలూ!"

"ముత్యాలూ!"

అంతే. అక్కడితో దేశమ్మ నోరు మూసుకుంది. నీళ్ళలోంచి బయటికి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, "రెండే," అని ఇంటికి వెళ్ళిపోయింది. రెండు కేకలకి మొగుడు చచ్చినట్టు ఏ పద్ధతీ చెప్పలేదు.

మధ్యాహ్నం డాక్టర్ షకీలా చిప్పలు తీసి భూతద్దంతో లెక్కపెట్టింది. వందకి నాలుగు అంటుకున్నాయి. పిలుపు వినగానే కిందికి దిగాయి, ఆగిపోగానే మళ్ళీ తేలిపోయాయి. వల రేపటి పోటు దాకా ఆపుతుంది. ఆ తర్వాత ఆపడానికి ఏమీ ఉండదు.

సాయంత్రం అత్తా కోడళ్ళు అరుగు మీద కూర్చున్నారు. నురగ వచ్చి కింది మెట్టు తడిపి పోయింది.

"నువ్వు కేక వెయ్యనంటే ఊరంతా నన్ను దెప్పింది," అంది అప్పయమ్మ. "నేను నిన్నొక్క మాటన్నానా?"

"లేదత్తా."

"ఎందుకనలేదో తెలుసా? నాకూ ఆడు రావాలనే ఉందే. నువ్వు నోరు తెరవనన్నాళ్ళూ నా కొడుకు ఎక్కడో ఉన్నట్టే నాకూ." ముసలామె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కానీ దేశీ, ఆడొచ్చాడనుకో. ఏ ఇంటికొత్తాడే? ఆడికి తెలిసింది ఈ గుమ్మమే గందా. గుమ్మం లేపోతే ఒడ్డు మీద నిలబడి ఎవర్ని అడుగుతాడు?"

దేశమ్మ తడి మెట్టు వైపు చూసింది. అతని కోసం ఈ గుమ్మం మిగలాలంటే అతను లేడని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే గుమ్మం ఉండదు. ఎటు తిప్పినా మనసు ఒప్పలేదు. అత్త ఒళ్ళో తల పెట్టుకుని, ఆరేళ్ళ తర్వాత మొదటిసారి, వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పయమ్మ ఆమె వీపు నిమురుతూ ఉండిపోయింది.

* * *

మర్నాడు పొద్దున ఊరు ఊరంతా ఒడ్డునే ఉంది. దేశమ్మ నీళ్ళలోకి దిగింది. మోచేతుల దాకా చేతులు ముంచింది. ఐదు గాజులూ నీళ్ళలో ఎర్రగా కదిలాయి.

అతను తలపాగా చుట్టుకునే తీరు గుర్తొచ్చింది. గాజులు తొడుగుతూ, చెయ్యి ఇంత బండగా ఉందేమిటే అని నవ్వడం గుర్తొచ్చింది. ఆ నవ్వు గుర్తుంది, గొంతు గుర్తు లేదు. గొంతు ఎప్పుడు మర్చిపోయిందో ఆమెకే తెలియదు. అది తెలిసొచ్చాక ఇక ఆపుకోలేకపోయింది.

"ముత్యాలూ!"

అది మూడో కేక. హేచరీలో పిలిచిన పిలుపులా లేదు, పేగులు తెంచుకుని వచ్చింది. కొంగుల కింద ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టారు. మగవాళ్ళ వీపులు కదల్లేదు. అందరూ విన్నారు. సముద్రం రోజూ చేసే హోరే చేసింది.

బదులు లేదు. ఆరేళ్ళుగా ఆమె దాటేసిన క్షణం ఇదే. వచ్చేసింది.

దేశమ్మ బయటికి రాలేదు.

"ముత్యాలూ!" అని మళ్ళీ పిలిచింది. నాలుగో కేక గుల్లపేటలో ఎవరూ వినలేదు ఎప్పుడూ. అయిదోది పిలిచింది. ఆరోది. పద్ధతి మూడు వెయ్యమంది గానీ నాలుగోది వెయ్యొద్దని ఎక్కడా అనలేదు. అతను రాడని తెలిశాక పిలవడానికి భయం ఏముంది? పిలిచింది. కోపంగా పిలిచింది, బతిమాలి పిలిచింది, తిట్టి పిలిచింది. పండుగప్ప పులుసు సంగతి చెప్పింది. నీ గొంతు మర్చిపోయాను, క్షమించు, ముత్యాలూ అంది. మగవాళ్ళు ఎప్పుడు ఇటు తిరిగారో తెలియదు, అందరి మొహాలూ సముద్రం వైపే ఉన్నాయి. ఎండెక్కింది. పోటు నిండింది, ఆటు మొదలైంది. ఆమె గొంతు బొంగురుపోయి, గుసగుస అయి, చివరికి పెదవులు మాత్రమే కదిలాయి. చేతులు మాత్రం నీళ్ళలోంచి తియ్యలేదు.

ఇద్దరు ఆడవాళ్ళు దిగి పట్టుకుని ఒడ్డుకి తెచ్చారు. ఇసకలో కూలబడింది. అప్పయమ్మ ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆమె గుప్పిట్లో రాయి ఉంది. పద్ధతి పద్ధతే.

దేశమ్మ తనే చేతులు చాపింది.

అప్పయమ్మ గాజు పట్టుకుంది. రాయి ఎత్తబోయి ఆగింది. వేళ్ళకి ఏదో గరుగ్గా తగిలింది. మళ్ళీ తడిమింది. నాలుగున్నర గంటలు నీళ్ళలో ఉన్న గాజు, నున్నగా ఉండాలి.

"ఇసకా?" అంది. కొంగుతో తుడిచింది. పోలేదు. "డాక్టరమ్మగారూ, నాకు కళ్ళు ఆనవు. ఇటు రండి, ఇదేటో సూడండి."

డాక్టర్ షకీలా భూతద్దం పెట్టి వంగింది. చాలాసేపు లేవలేదు. లేచేసరికి ఆవిడ కళ్ళు నిండి ఉన్నాయి. ఐదు గాజుల చుట్టూ, లోపలా బయటా, గసగసాల కన్నా చిన్న చిప్పలు, ఒకదాని పక్కన ఒకటి, కాలు ఊని గట్టిగా అంటుకున్నాయి. "పిల్లలు," అంది. "అంటుకున్నాయి. గాజుల మీదే ఇన్నుంటే చట్రాల మీద ఎన్నున్నాయో."

అప్పయమ్మ రాయిని చూసుకుంది. గాజుల్ని చూసింది. రాయి ఇసకలో పడేసింది.

"వచ్చినోళ్ళని ఎలా కొట్టనే," అంది.

ఆరకముందే ఒక చెంబుడు సముద్రపు నీళ్ళు తెచ్చి పోశారు. ఐదు గాజుల్నీ ఒక్కొక్కటే, పగలకుండా, అప్పయమ్మే తీసింది. మొదటి చట్రానికి నైలాను దారంతో కట్టింది మాత్రం దేశమ్మ. బోసి చేతులతో ఒడ్డుకి నడిచొచ్చింది. ఆ పూట కొత్తగా ఏడుపు రాలేదు, ఆకలేసింది.

ఆ ఏడు కార్తీకంలో వచ్చిన చిన్న తుఫానుకి నురగ పై మెట్టు దాకా వచ్చింది, గుమ్మం దాటలేదు. మరుసటి ఏటికి ఆటు వేళ నీళ్ళలో నల్లటి గీత కనపడసాగింది. ఇప్పుడు దాని మీద కొంగలు వాలుతున్నాయి, సందుల్లో పీతలు దొరుకుతున్నాయి. గాజులు ఎక్కడున్నాయో ఎవరూ చెప్పలేరు, గట్టు వాటి మీదుగా పెరిగిపోయింది. ఏటా ఆశ్వయుజంలో కొత్త పిల్లల్ని వదిలేటప్పుడు దేశమ్మ నీళ్ళలో దిగి పిలుస్తుంది. మగవాళ్ళెవరూ వీపు తిప్పడం లేదు.

హేచరీకి వచ్చేవాళ్ళు మాత్రం మారలేదు. ట్యాంకులోకి తొంగి చూసి, "వీటిలో ముత్యాలుంటాయా?" అంటారు.

"ముత్యాలు లేడండి," అంటుంది దేశమ్మ, మోచేతి దాకా నీళ్ళలో చెయ్యి పెట్టి. "ఆయన్ని పిలిత్తే ఇయ్యొచ్చాయి."

వాళ్ళు అదేదో ఈ వైపు యాసనుకుని, తలూపి పక్క ట్యాంకుకి పోతారు.